వరసకి మేనమామ

1

పాప ఒంట్లో ఎలా ఉందో రోజూ ఉన్నదున్నట్టు రాయమని డాక్టర్ నళినాక్షి గారు చెప్పారు. రాస్తున్నాను.

నా పేరు దొమ్మేటి ముసలయ్య. పుట్టిన రోజునే ముసలయ్య అని పేరు పెట్టేశారు. ఆ పేరుకి తగ్గ వయసు రావడానికి అరవై ఎనిమిదేళ్ళు పట్టింది. తీరా వచ్చాక తండ్రినయ్యాను! నా చదువు ఐదో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. సంతోషం ఎక్కువైందనిపిస్తే మాత్రం దిద్దకండి, అది కావాలనే రాస్తున్నాను.

చందమామ మీది మా చంద్రలంకలో బిడ్డని కనాలంటే ముందు గాలి వాటా రావాలి. గుమ్మటం లోపలి గాలి ఇంతమందికే అని లెక్క. మా ఆవిడ వరహాలమ్మా నేనూ పెళ్ళైన కొత్తలోనే పేరిచ్చాం. వంతు పోయినేడు వచ్చింది. అప్పటికి వరహాలుకి మోసే వయసు దాటిపోయింది కాబట్టి పాప ఆస్పత్రిలో గర్భపెట్టెలో పెరిగింది. రొయ్యల తొట్లలో పని అయిపోగానే నేను, వంటయ్యాక తను, వెళ్ళి ఆ పెట్టెకి చెవి ఆనించి కూర్చునేవాళ్ళం. వరహాలైతే పెట్టె దగ్గర చింతకాయ పచ్చడి సీసా మూత తీసి పెట్టేది, పిల్లకి ముందే అలవాటవ్వాలని.

పెట్టె తెరిచిన రోజు సంగతి రాయమంటే ఇంకో పెట్టెడు కాగితాలు కావాలి. వద్దులెండి.

పాపకి బారసాల కాలేదు, బుల్లెమ్మ అంటున్నాం. బుగ్గలు చూస్తే అప్పుడే పొంగిన పూరీల్లా ఉంటాయి. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి పాలు కక్కితే అవి మెల్లగా తేలుకుంటూ వచ్చి నా చొక్కా మీద వాలతాయి. ఎంత మర్యాదగా వాలతాయో!

లక్షణాలు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. అందరి పిల్లలకీ వారం పది రోజుల్లో ఊడే బొడ్డు మా బుల్లెమ్మకి నెల దాటినా ఊడలేదు. "మనల్ని వదల్లేకపోతోందండి, ప్రేమ," అన్నాను నేను. డాక్టర్ గారు నవ్వలేదు. ఊడాక ఆ చోటంతా ఎర్రబడింది. తర్వాత చెవిపోటు. తర్వాత జ్వరం. తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఇవాళ కూడా ఉంది.

2

డాక్టర్ గారు నేను రాసింది చదివారు.

"బాబాయ్ గారూ, 'తుమ్మితే మల్లెమొగ్గ విచ్చుకున్నట్టుంది' అని రాశారు. దీన్ని నేను ఏ గడిలో వేసుకోను?"

"పువ్వుల గడి లేదాండి?"

"జ్వరం ఎంత, పాలు ఎన్ని తాగింది, పుండు ఎలా ఉంది. అంతే రాయండి."

సరే. పాలు తక్కువ తాగింది. తాగినవి చాలా చక్కగా తాగింది.

పుండు సంగతి ఇదీ. ఆమధ్య మడమకి సూది గుచ్చినచోట పుండు పడింది. ఎర్రగా మొదలై నల్లబడుతోంది. క్యాంటీను నడిపే నూకాలు పిన్ని వచ్చి చూసింది. ఎనభై దాటిన మనిషి, ఊళ్ళో అందరికీ పిన్నే.

"ఇదేం పుండే కూతురా? ఇన్నాళ్ళైనా చీము పట్టలేదు. చీమూ నెత్తురూ లేనట్టు!"

ఆ మాటకి వరహాలు లేచింది. "ఎవరికి పిన్నీ చీమూ నెత్తురూ లేనిది? దొమ్మేటోరి పిల్లకా? ఇంకోసారి అను!"

"ఓసి నీ దుంప తెగ, నేనన్నది పుండునే!"

ఇద్దరూ పోట్లాడుకుని, ఏడ్చుకుని, కుడుములు తిన్నారు. అంతలో తలుపు చప్పుడైంది. గాలి ఇన్‌స్పెక్టరు పరాంకుశం గారు. ఉత్తర గుమ్మటం నుంచి బదిలీ మీద వచ్చారు. మెళ్ళో ఊపిరి మీటరు వేలాడుతూ ఉంటుంది. ఎవరింట్లో గాలి ఎక్కువ ఖర్చైతే వాళ్ళ తలుపుకి కారణం రాసి ఎర్ర చీటీ అంటిస్తారు. ఊళ్ళో కుక్కపిల్లని కూడా ఏదో ఒక వరసపెట్టి పిలుస్తాం గానీ, ఆయన్ని మాత్రం ఎవ్వరం పిలవం. "నన్ను వరసలు పెట్టి పిలవొద్దు. నేను అధికారిని," అని వచ్చిన కొత్తలోనే చెప్పేశారు.

"ఈ ఇంట్లో నిన్న వాటాకి మించి గాలి వాడారు," అన్నారు.

"జోలపాట పాడానండి."

"జోలపాటకి అంత గాలా?"

"పిల్ల పడుకోలేదండి. అంచేత పల్లవి పదేపదే పాడాల్సొచ్చింది."

చీటీ అంటించి వెళ్ళిపోయారు. "కారణం: పల్లవి" అని రాసి ఉంది. పక్కింటి ఏసుదాసు బావ అది చదివి, "చీమూ నెత్తురూ లేని మనిషి!" అన్నాడు. ఈసారి వరహాలు ఏమీ అనలేదు.

3

బుల్లెమ్మ రక్తం ఒక చుక్క, నాదొకటి, వరహాలుదొకటి తీసి చదువరికి ఇచ్చారు. చదువరంటే మనిషి కాదు, ఆస్పత్రి గోడంత యంత్రం. ఒంట్లో రాసి ఉన్న రాతంతా, అంటే మూడు వందల కోట్ల అక్షరాలు, మొదటి నుంచి చివరిదాకా చదువుతుందట. అమ్మ వైపు నుంచి ఒక పుస్తకం, నాన్న వైపు నుంచి ఒక పుస్తకం. నేను ఐదో తరగతి వాచకం మొదటి నుంచి చివరిదాకా చదవలేదు!

చదువుతూ ఉండగా వంశవృక్షం కూడా గీస్తుంది. జబ్బు ఎక్కణ్ణించి దిగిందో తెలియాలంటే చుట్టాలు తెలియాలి కదా. అడిగితే జనం సగం దాచేస్తున్నారని వేచి ఉండే గదిలో మైకులు పెట్టారట. మన మాటల్లోంచి ఎవరికి ఎవరు ఏమవుతారో అదే ఏరుకుంటుంది. అయితే ఒకళ్ళు పిలిస్తే చాలదు. అవతలి వాళ్ళు కూడా తిరిగి వరసతో పిలిస్తేనే రాసుకుంటుంది. ఇది డాక్టర్ గారు తర్వాత చెప్పిన సంగతి. ముందే చెప్పి ఉంటే నోరు కట్టుకుని కూర్చునేవాళ్ళం.

మాకు తోడుగా ఊరంతా వచ్చింది.

"ఏం బావోయ్, ఏమంటోంది యంత్రం?" అన్నాడు ఏసుదాసు.

"చదువుతోంది బావా."

"ధైర్యంగా ఉండు చెల్లెమ్మా."

"ఉన్నానన్నయ్యా."

"ఏరా కొడకా, పొద్దున్నుంచి ఏం తిన్లేదు. ఏమే కూతురా, నువ్వూ అంతేనా?" అంటూ నూకాలు పిన్ని కుడుములు పంచింది.

"తర్వాత తింటాం పిన్నీ," అన్నాం మేమిద్దరం ఒక్క గొంతుతో.

ఆ ఒక్క గొంతే కొంప ముంచింది.

4

ఫలితం వచ్చింది. చదువరికి ఎవరు నేర్పారో గానీ పాత పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. గదిలో అందరికీ వినబడేట్టు చెప్పింది.

"ముసలయ్య, వరహాలమ్మ అను దంపతులు ఇరువురును నూకాలమ్మకు అక్క బిడ్డలు. కావున వీరు వరసకు అన్నాచెల్లెండ్రు."

 ఏసుదాసు ఊపిరాడక నవ్వడం వినబడింది.

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాక ఇదా చెప్పేది! ఛీ ఛీ!" అని వరహాలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. వెంటనే పిన్ని వైపు తిరిగింది. "ఇదంతా నీ కుడుముల వల్లే. ఇవాళ్టి నుంచి నువ్వు నాకు పిన్నివి కాదు, అత్తవి!"

"అత్తనైతే నీ చేత గిన్నెలు తోమిస్తానే కోడలా!"

"తోముతానత్తా!"

"సవరణ నమోదైనది," అంది చదువరి. "నూకాలమ్మ అత్తగారు. దాంపత్యము నిర్దోషము."

మా కాపురం నిలబడింది. అసలు సంగతి డాక్టర్ గారు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి చెప్పారు. 

"బాబాయ్ గారూ, పాప రక్తంలో తెల్లకణాలు బోలెడున్నాయి. మామూలు కన్నా చాలా ఎక్కువ."

"మంచిదే కదండీ! సూక్ష్మక్రిములతో పోరాడేవి అవే కదా?"

"పోరాడాలంటే దెబ్బ తగిలిన చోట రక్తనాళంలోంచి దిగాలి. నాళం గోడకి పట్టుకోడానికి వాటికి కొక్కెం లాంటిది ఉంటుంది. పాప కణాలకి ఆ కొక్కెం లేదు."

మా తాతల ఊరు గోదావరి లంక. పడవల కథలు వింటూ పెరిగినవాణ్ణి. నాకు వెంటనే అర్థమైంది. పడవల నిండా మందుల సంచులతో వైద్యులున్నారు. రేవు కనబడుతోంది. రేవులో మా పిల్ల ఏడుస్తోంది. పడవ కట్టడానికి కొక్కెం లేదు. ఒక్కొక్క పడవా రేవు ముందు నుంచే కొట్టుకుపోతోంది.

"అందుకే చీము పట్టట్లేదు," అన్నారు డాక్టర్ గారు. "చీమంటే ఏంటనుకున్నారు? పుండు దగ్గరికి చేరి, పోరాడి, చచ్చిపోయిన తెల్లకణాలే. పాప పుండు దగ్గరికి ఎవరూ చేరట్లేదు. బొడ్డు ఆలస్యంగా ఊడిందీ అందుకే."

కొక్కెం ఎలా చెయ్యాలో రాసి ఉన్నచోట ఒక్క అక్షరం తప్పట. నా పుస్తకాల్లో ఒకదాంట్లో ఆ తప్పుంది, వరహాలు పుస్తకాల్లో ఒకదాంట్లో అదే తప్పుంది. మాకిద్దరికీ రెండో పుస్తకం బాగుంది కాబట్టి ఇన్నేళ్ళూ ఏమీ తెలియలేదు. బుల్లెమ్మకి మాత్రం ఇద్దరి దగ్గర్నుంచీ తప్పున్న పుస్తకమే వచ్చింది.

"ఎవరి తప్పూ కాదు," అన్నారు డాక్టర్ గారు. "అక్షరం తప్పు. అంతే."

నేను ఐదో తరగతిలో ఆపేయకుండా ఉండాల్సింది అన్నాను. ఈసారి ఆవిడ నవ్వారు. నవ్వి నా చెయ్యి పట్టుకున్నారు.

5

మందుంది! ఉందని తెలిశాక నేను గదిలో ఒక గంతు వేశాను. ఇక్కడ బరువు తక్కువ కదా, నెత్తి కప్పుకి తగిలింది. బొప్పి కట్టింది. (ఇది పాప లక్షణం కాదు.)

భూమ్మీద అయితే ఆ తప్పు అక్షరాన్నే దిద్దేసే యంత్రం ఉందట. అది ఇక్కడికి రాలేదు, పాపని అక్కడికి పంపలేం. ఇక్కడ చెయ్యగలిగింది ఇంకో మనిషి ఎముకలోని మూలుగ తీసి పాపకి ఎక్కించడం. తెల్లకణాలు తయారయ్యేది మూలుగలోనేనట. నేను మూలుగంటే కూరలో చప్పరించేదే అనుకున్నాను! కొత్త మూలుగ నాటుకుంటే కొక్కేలున్న కణాలు పుడతాయి. అయితే ఇచ్చేవాళ్ళ మూలుగ పాపకి పూర్తిగా జోడు కుదరాలి. మేమిద్దరం సగం సగమే కుదిరాం. ఇంకో షరతు, రక్తసంబంధీకులే ఇవ్వాలి. ఒంట్లో భాగాలతో బేరాలు సాగకుండా పెట్టిన చట్టం అది.

మాకు రక్తసంబంధీకులెవరూ లేరు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు, వరహాలుకీ లేరు.

"ఎవరు బంధువులో తేల్చేది చదువరి," అన్నారు డాక్టర్ గారు మెల్లగా. "అది గీసిన వృక్షం చూశారా?"

తెర మీద చూపించారు. నాకు కళ్ళు తిరిగాయి. ఏసుదాసు మా ఆవిడకి సొంత అన్న. నూకాలు పిన్ని మా అమ్మకి చెల్లెలు. మంగలి చిట్టబ్బాయి నా మేనల్లుడు. తొట్ల మేస్త్రి నాకు వియ్యంకుడు, మాకింకా పెళ్ళీడుకొచ్చిన పిల్లలే లేకపోయినా! ఒకసారి తొందరలో నన్ను ఒట్టి బాబాయ్ అంటే నేను అమ్మాయ్ అన్నందుకు డాక్టర్ గారు కూడా ఒక కొమ్మ మీద కూర్చున్నారు.

"అయ్యబాబోయ్, ఇవన్నీ ఉత్త పిలుపులండి! రక్తం చదివే యంత్రానికి ఆ మాత్రం తెలీదా?"

"రక్తం చదివే విభాగం వేరు, బంధుత్వం రాసే విభాగం వేరు. రెండూ మాట్లాడుకోవు."

"చెప్పి దిద్దించెయ్యండి మరి."

ఆవిడ మైకు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "అది నన్నేమీ అడగలేదు. నేనేమీ చెప్పలేదు. ఊరందర్నీ రేపు పొద్దున్నే వచ్చి రక్తం ఇమ్మనండి, బాబాయ్ గారూ."

6

ఆస్పత్రి ముందు పెళ్ళి సందడి! ఎవరి వరస వాళ్ళు గట్టిగా అరుచుకుంటూ వచ్చారు, యంత్రానికి వినబడదేమోనని.

"పెదనాన్నా, నేనొచ్చాను!"

"రారా కొడకా!"

"అన్నయ్యా, నీ చెల్లెల్ని!"

నాకు తెలియనివాళ్ళు కూడా నన్ను చిన్నాన్నా అన్నారు. నేనూ నోరారా పిలిచాను. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పరాంకుశం గారు ఆస్పత్రి తలుపుకి పెద్ద ఎర్ర చీటీ అంటించారు: "కారణం: బంధువులు."

ఏసుదాసు రక్తం ఇచ్చి మీసం దువ్వుకున్నాడు. "చూస్తూ ఉండు బావా, మేనమామని నేను. నాదే కుదురుతుంది."

కుదరలేదు.

పిన్నిది కుదరలేదు, అసలు ఆవిడ వయసుకి మూలుగ తీసుకోం అన్నారు. చిట్టబ్బాయిది కుదరలేదు. మేస్త్రిది, డాక్టర్ గారిది, ఎవ్వరిదీ కుదరలేదు. సాయంత్రానికి చదువరి అంది, "బంధువర్గము సమాప్తము."

బుల్లెమ్మని గాజు గదిలో పెట్టారు. సరుకు నావ వచ్చే కాలం దగ్గరపడుతోంది. నావతో పాటు భూమ్మీది జలుబులన్నీ దిగుతాయి. నావ రాకముందే కొత్త మూలుగ నాటుకోవాలన్నారు.

జ్వరం ఎక్కువ. పాలు తాగలేదు. తుమ్మలేదు.

ఇవాళ ఇంతే రాయగలను.

7

"ఊళ్ళో రక్తం ఇవ్వని మనిషి ఇంకొక్కడే ఉన్నాడు," అన్నాడు ఏసుదాసు. పేరు చెప్పక్కర్లేదు.

గాలి ఆఫీసుకి వెళ్ళాం, నేనూ, బావా. పరాంకుశం గారు బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉన్నారు.

"అయ్యా, మా పిల్లకి ఒక్క చుక్క రక్తం చూపించండి," అన్నాను. "కుదరకపోతే మీ దారి మీది."

"చట్ట ప్రకారం బంధువులే ఇవ్వాలి. నేను మీకు ఏమీ కాను."

"అయిపోవచ్చు కదండీ! ఎంతసేపు పని? నేను బావా అంటాను, మీరు బావా అనండి."

ఆయన మొహం ఎర్రబడింది. "అనను."

"ఒక్కసారి..."

"అననన్నాను కదా! మీరిద్దరూ ఈ గదిలో చాలాసేపట్నుంచి గాలి పీలుస్తున్నారు."

బయటికొచ్చాక ఏసుదాసు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, పాప పెద్దయ్యాక చదువుతుంది. నాకు మాత్రం కోపం రాలేదు. ఎందుకంటే తలుపు మూస్తూ వెనక్కి చూస్తే, ఆయన ఏదో మాట పైకి రాకుండా పెదాలు కదుపుతూ కనిపించారు. అధికారులు చట్టం వల్లించుకుంటారేమో అనుకున్నాను.

8

పరాంకుశం గారు ఆస్పత్రికి తనిఖీకి వచ్చారు. నేను బెంచీ మీద, వరహాలు గాజు గోడకి నుదురు ఆనించి.

"ఈ గాజు గదికి విడిగా గాలి ఎవరి అనుమతితో ఇస్తున్నారు?"

వరహాలు జరిగి చోటిచ్చింది. "దాని అనుమతితోనండి. అదిగో పడుకుంది. అడగండి."

ఆయన చూశారు. బుల్లెమ్మ కళ్ళు తెరిచి ఉంది. ఆయన మెళ్ళో మీటరు మీద పచ్చ దీపం వెలిగి ఆరింది. బుల్లెమ్మ నవ్వింది! ఒళ్ళు కాలిపోతున్న పిల్ల, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. మీటరు "టిక్" అంది. ఆయన మీటరుని గాజుకి దగ్గరగా పెట్టారు. మళ్ళీ నవ్వు. మళ్ళీ టిక్. చీటీల కట్ట జేబులోనే ఉంది, తియ్యలేదు.

"ఒక్క మాట పిలిస్తే మీ సొమ్మేం పోతుందండి?" అంది వరహాలు.

 ఆయన గొంతు బాగా తగ్గించి అన్నారు, "నాకు రాదు."

"ఏం రాదండీ?"

"వరసలు. మా గుమ్మటంలో అందర్నీ హోదాతోనే పిలుస్తాం. మా అమ్మని నర్సుగారూ అనేవాణ్ణి. ఇక్కడికొచ్చిన రోజు క్యాంటీన్లో ఎవరో ఒకాయన్ని మర్యాదగా 'వదినా' అన్నాను. క్యాంటీనంతా పడి పడి నవ్వారు."

నాకు గుర్తొచ్చింది. ఆ వదిన ఏసుదాసే. వాడి మీసాలు చూసి కూడా అలా ఎలా అన్నారా అని మేం ఇప్పటికీ చెప్పుకుంటాం.

"నిన్నట్నుంచి నేర్చుకుంటున్నాను," అన్నారు పరాంకుశం గారు. "తోడల్లుడి దాకా వచ్చాను. బుర్ర తిరుగుతోంది."

వరహాలు కళ్ళు తుడుచుకుంది. "అన్నీ ఎందుకండీ? నన్నొక్కదాన్నీ అక్కా అనండి. మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి."

"అక్క... గారూ."

గోడలోంచి చదువరి అంది, "గారు అను మాట వరసయందు చెల్లదు."

ఆయన గొంతు సవరించుకున్నారు. కాలర్ గుండీ తీశారు. గాలి ఎంత ఖర్చైనా ఫర్వాలేదన్నట్టు గుండెల నిండా పీల్చి,

"అక్కా!" అన్నారు.

"ఏరా తమ్ముడూ," అంది వరహాలు, ముప్పై ఏళ్ళుగా రోజూ పిలుస్తున్నట్టు.

"నమోదైనది," అంది చదువరి. "పరాంకుశమునకు ముసలయ్య బావ. ఏసుదాసు అన్న. నూకాలమ్మ అత్త. చిట్టబ్బాయి..." అలా చదువుతూనే ఉంది. ఒక్కొక్క పేరూ వచ్చి మీద పడుతుంటే ఆయన మెల్లగా బెంచీ మీద నా పక్కన కూలబడ్డారు.

"ఇంతమందా?" అన్నారు.

"ఇంకా ఉన్నారు బావా," అన్నాను.

"శిశువునకు మేనమామ," అని ముగించింది చదువరి. "రక్తము ఇవ్వవచ్చును."

9

కుదిరింది! కుదిరింది కుదిరింది కుదిరింది! పూర్తిగా జోడు! చుట్టరికం లేనివాళ్ళలో ఇలా కుదరడం బహు అరుదని డాక్టర్ గారు అన్నారు. ష్, మైకులున్నాయండి అన్నాను. "సరే, చుట్టాల్లో కూడా అరుదే," అన్నారు గట్టిగా.

10

ముందు పాప ఎముకల్లో పాత మూలుగని మందుతో ఖాళీ చేశారు. ఆ రోజుల గురించి రాయను. వరహాలు ముద్ద ముట్టలేదు.

తర్వాత పరాంకుశం బావ తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు. తీసే ముందు మత్తు సూది వేస్తుంటే ఊపిరి బిగబట్టాడు. నొప్పికి కాదట, అలవాటు, గాలి ఆదా. మెలకువ వచ్చాక నూకాలు పిన్ని గిన్నెడు పులుసు తెచ్చింది.

"తాగు అల్లుడూ. పోయిన మూలుగ మళ్ళీ పట్టాలి."

"పిన్ని... కాదు, అత్తా, ఇందులో ఏముంది?"

"మూలుగే!"

మంచం పక్కనే ఏసుదాసు ముభావంగా కూర్చున్నాడు. "మూలుగ ఇచ్చావు, బాగుంది. కానీ పిల్లకి చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకునేది నేనే. పెద్ద మేనమామని."

"ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలా? ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు," అన్నాడు పరాంకుశం.

"చెప్పం! నన్ను వదినా అన్నవాడికి చెప్పం!"

ఇద్దరూ నా వైపు చూశారు, తీర్పు చెప్పమని. ఐదో తరగతి చదువుకి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు.

"పిల్లకి చెవులు రెండున్నాయి కదండీ," అన్నాను.

11

సరుకు నావ వచ్చింది. ఊరంతా దగ్గు. బుల్లెమ్మ గాజు గదిలో, మేం గాజుకి ఇవతల. నాటుకుందో లేదో ఇంకా తెలియదన్నారు. పరాంకుశం రోజూ మీటరు తెచ్చి గాజుకి ఆనించి, పచ్చ దీపం వెలిగించి ఆర్పుతున్నాడు. తనిఖీ అంటున్నాడు. రోజుకెన్ని తనిఖీలో!

పాలు తాగింది. కొంచెం. ఎంత చక్కగానో రాయను, మళ్ళీ కోప్పడతారు.

12

అన్ని గడులూ పక్కన పెట్టి చదవండి.

బుల్లెమ్మ గోరుతో బుగ్గ మీద గీరుకుంది. మామూలుగా అయితే మాకు గుండె ఆగిపోవాలి. పొద్దున్న చూస్తే గీరు పక్కన చిన్న పొక్కు. ఆవగింజంత. మధ్యలో పసుప్పచ్చగా, మెరుస్తూ.

వరహాలు నా చెయ్యి గిచ్చింది. "ఏవండీ, అది అదేనా?"

"అదేనంటావా?"

"మీరు చెప్పండి."

"నాకు భయంగా ఉంది, నువ్వే చెప్పు!"

డాక్టర్ గారు లోపలికి వెళ్ళారు. వంగి చూశారు. రక్తం తీసి చదువరికి ఇచ్చారు. మేం గాజుకి అతుక్కుపోయాం. చదువరి చాలాసేపు చదివింది, ఇంత నెమ్మదిగా నేను కూడా చదవను.

"తెల్లకణములకు కొక్కెములు గలవు," అంది. "కణములు గమ్యము చేరుచున్నవి."

డాక్టర్ గారు మాస్కు లోంచే అరిచారు. "చీము బాబాయ్! చీము పట్టింది!"

పడవ రేవుకి చేరింది! నేను గంతేశాను. మళ్ళీ కప్పు, మళ్ళీ బొప్పి, ఎవడిక్కావాలి! వీధిలోకి పరిగెత్తి అరిచాను. "చీము పట్టింది! మా పిల్లకి చీము పట్టింది!" నావలో కొత్తగా దిగినవాళ్ళు బెదిరి పక్కకి తప్పుకున్నారు. మా ఊరివాళ్ళు మాత్రం పనులొదిలేసి పరిగెత్తుకొచ్చారు. నూకాలు పిన్ని చీము పట్టిన సందర్భంగా ఊరందరికీ పాకం గారెలు వేసింది. వరహాలు క్యాంటీను బల్ల ఎక్కి నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎవరే చీమూ నెత్తురూ లేవన్నది? రమ్మనండి! నా కూతురికి చీమూ ఉంది, నెత్తురూ ఉంది!"

"నేనన్నది పుండునే కోడలా!" అని పిన్ని గారె ఎత్తి చూపిస్తోంది. ఏసుదాసు పరాంకుశం భుజం మీద చెయ్యేసి ఏడుస్తున్నాడు. "తమ్ముడూ, నిన్నూ ఆ మాటే అన్నాన్రా. నీ చీమేరా అది!"

"సాంకేతికంగా పాప చీమే, అన్నా," అన్నాడు పరాంకుశం. ఆ అన్నా ఎంత బాగా కుదిరిందో!

ఈ గోలకి ఊపిరి మీటరు గంట మోగడం మొదలుపెట్టింది. అందరం ఒక్కసారిగా ఊరుకున్నాం. పరాంకుశం మీటరు చూసుకున్నాడు. కాలర్ గుండీ పెట్టుకున్నాడు. మళ్ళీ అధికారి మొహం వచ్చేసింది. జేబులోంచి ఎర్ర చీటీల కట్ట తీసి, నిలబడే శ్రద్ధగా రాసి, క్యాంటీను తలుపుకి అంటించి, మళ్ళీ గారెల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

దగ్గరికెళ్ళి చదివాను. అక్షరం ఒక్కటి కూడా తప్పు లేదు.

"వాటాకి మించి గాలి వాడారు. కారణం: నా మేనకోడలికి చీము పట్టింది."